తబితా ముఖం

షాలేమ్‌రాజు మా పక్క క్వార్టరులో ఉంటాడు. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో బొగ్గు బెల్టుల దగ్గర షిఫ్టు డ్యూటీ. డ్యూటీ లేనప్పుడు మెడలో కెమెరా. మనిషి మాట్లాడడం ఎంత తక్కువంటే, ఎదురుగా కూర్చుంటే మన మాటలకు మనమే జవాబు చెప్పుకోవాలి. ఆయన వంతు మాటలు కూడా భార్య తబితాయే మాట్లాడేది. పిల్లలు లేరు. గోడ అవతల నుంచి "ఉషక్కా" అని ఆమె పిలవని రోజు నాకు లేదు.

ఆయనకున్న స్నేహితులంతా ఫేస్‌బుక్‌లోనే ఉండేవాళ్లు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం చుట్టుపక్కల ఫోటోలు తీసేవాళ్లు 'వెలుగునీడ' అని ఒక గ్రూపు పెట్టుకున్నారు. కిన్నెరసాని మీద పొగమంచు, పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్లు, అడవిలో ఇప్పపూలు ఏరే ఆడవాళ్లు, ఇలాంటివి పెట్టి ఒకరినొకరు మెచ్చుకుంటారు. అందులో చేరిన కొత్తలో షాలేమ్‌రాజు ఒక క్రిస్మస్ నాడు తబితాను కొత్త చీరలో నిలబెట్టి ఫోటో తీసి పెట్టాడు. నిండుగా నవ్వుతున్న ముఖం. పాపం, ఎంత మురిసిపోయి పెట్టాడో. గ్రూపు నడిపే రవికుమార్ దాని కింద, ఇది ఫ్యామిలీ ఆల్బమ్ కాదన్నా, పాస్‌పోర్టు ఫోటోలు స్టూడియోకు పంపండి అని రాశాడు. మిగిలినవాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. ఈయనకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫోటోను గ్రూపులోంచి తీసేశాడు. ఫోన్‌లోంచీ కెమెరాలోంచీ కూడా చెరిపేశాడు. ఏం మనిషండీ! నవ్వినవాళ్ల మీద కోపం పెళ్లాం ముఖం మీద చూపిస్తారా ఎవరైనా?

అప్పటి నుంచి ఆయన ఎదురుగా ముఖం తీయలేదు. కందికాయలు వలుస్తున్న చేతులు తీశాడు. ఆరేసిన బట్టల మీద పడ్డ బూడిద దులుపుతున్నప్పటి వీపు, గోడ మీద నీడ, సాయంత్రం ఎండకు అడ్డంగా నల్లగా నిలబడ్డ ఆకారం, అన్నీ తబితావే. గ్రూపువాళ్లు ఆహా ఓహో అన్నారు. చేతుల ఫోటోను మెచ్చుకుంటూ ఎక్కడెక్కడి వాళ్లో రాశారు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఫోటోలు నాకూ నచ్చేవి.

తబితా మాత్రం, "ఈయనకు నేను ఎనక నుంచే సక్కగ కనబడ్త అక్కా," అని నవ్వేది. ఒక్కటి ఎదురుగా తీయమని అడిగితే, తీరిగ్గా తీద్దాంలే అనేవాడట.

పోయిన వానాకాలం ఆమెకు డెంగీ వచ్చింది. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. వారం తిరగకుండానే పెట్టెలో తెచ్చారు. సమాధుల తోటలో ఎవరో ఆమె ముఖాన్ని సెల్‌లో తీయబోతే, షాలేమ్‌రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. సొంత చెల్లెలు పోయినట్టు ఏడ్చాను నేను. ఇప్పటికీ గోడ అవతల గిన్నె చప్పుడైతే ఆమే అనుకుంటాను.

తబితా తల్లి రామక్కది అశ్వారావుపేట. బాప్తిస్మం తీసుకున్నా పాత పేరే ఉంచుకున్న మొండి మనిషి. తుంటి ఎముక విరిగి మంచంలో ఉండడంతో కూతురి కడసారి చూపుకు కూడా రాలేకపోయింది. ఆమె ఫోన్ చేసి అల్లుణ్ణి అడిగింది ఒకటే, బిడ్డ ముఖం ఉన్న ఫోటో ఒకటి తెచ్చిమ్మని. మంచానికి ఎదురుగా పెట్టుకుంటానంది. ఇన్ని ఫోటోలు తీసే అల్లుడి దగ్గర కూతురి ఫోటో లేకపోవడమేమిటని అనుకుంది ఆ తల్లి.

వెతికితే తెలిసింది. పెళ్లి ఆల్బమ్ బూర్గంపాడులోని పాత ఇంట్లో ఉండగా గోదావరి వరదకు తడిసి అట్టకట్టుకుపోయింది. తబితాది బటన్ ఫోన్. చర్చి ఫోటోల్లో ముసుగు వేసుకుని, వెనక వరసలో ఎవరి భుజం చాటునో ఉంది. నా ఫోన్‌లోనూ లేదు. రోజూ కనిపించే మనిషిని ఎవరు తీసి దాచుకుంటారు? ఆయన కంప్యూటర్‌లో మాత్రం తబితా వేలల్లో ఉంది. జడ ఉంది, మెడ ఉంది, మడమలున్నాయి.

చివరికి గ్రూపులో రాశాడు, నా భార్య చనిపోయింది, ఆ క్రిస్మస్ ఫోటో ఎవరైనా దాచుకుని ఉంటే పంపండని. సాయంత్రానికి దండాల బొమ్మలు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. రవికుమార్ నిజంగానే బాధపడ్డాడు. ఫోన్ చేసి క్షమించమని అడిగి, ఆమె గుర్తుగా చేతుల ఫోటోను గ్రూపు పేజీకి పైన అందరికీ కనిపించేలా పెట్టాడు. ఇంకెవరో అది ఏ లెన్సుతో తీశారని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. అడిగిన ఫోటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. అంతమందిలో ఒక్కరూ వచ్చి ఆయన గడప తొక్కలేదు. ఆయన వరండాలో ఒక్కడే కూర్చుని ఆ రాతలన్నీ ఒకటొకటిగా చదువుకునేవాడు. నేను పెట్టి వచ్చిన కూరగిన్నె మూత తీసేవాడు కాదు.

ఆధార్ కార్డులోని ముఖాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ బస్సెక్కాను. దారి పొడవునా ఆ ఫ్రేమును ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు.

రామక్క దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎవరో పరాయిమనిషి లాగుందని పక్కన పెట్టేసి, ఆయన స్వయంగా తీసినవి చూపించమంది. షాలేమ్‌రాజు ఫోన్ తీసి ఒక్కొక్కటీ చూపించాడు. చేతులు చూసి ఆమె తల ఊపింది. వీపు చూసి ఊపింది. నీడ చూసి ఆగిపోయి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పోనీ తియ్యి బిడ్డా. నా కండ్లల్ల దాని పెండ్లినాటి మొఖమే ఉన్నది. నువ్వు దినాం జూసినోడివి. జర చెప్పు, ఇప్పుడెట్లుండె నా బిడ్డ?"

షాలేమ్‌రాజు గొంతు సవరించుకున్నాడు.

"పొద్దుగాల కిటికీ కాడ కూసునేది అత్తా. వెలుగు ఎడమ దిక్కు నుంచి పడేది. సగం మొఖం మీద..." అని ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. "వెలుగు ఎడమ దిక్కు నుంచి..."

నేను చూడలేక, నేను చెబుతానని నోరు తెరిచాను. రామక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమెకు అల్లుడి నోటనే వినాలని ఉంది. షాలేమ్‌రాజు ఆ ముఖాన్ని వెతుక్కుంటున్నట్టు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మేం ఎంతసేపు చూసినా తెరవలేదు.