ప్రభుత్వం అన్నచోట నా పేరు

గేటు కమ్మీ కీచుమంటూ పైకి లేచింది. రాంగోపాల్‌పేట్ బజారు పక్కనున్న పార్కింగ్ భవనంలో మూడో అంతస్తు ఎప్పటిలాగే ఖాళీ. తడి సిమెంటు వాసన తప్ప ఏమీ లేదు. అంత చోటు ఊరికే పడి ఉంటే ఎవరికైనా ఉసూరుమనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు పులకరిస్తుంది. అనసూయ మేడం గుర్తొస్తారు.

ఆవిడ అప్పట్లో ఆర్థిక శాఖలో నా పై అధికారి, మారేడ్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి. ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలతో చేసుకునే ఒప్పందాలన్నీ ఆవిడ బల్ల దాటే వెళ్లాలి. నేను శ్రీకాకుళం నుంచి వచ్చి కొత్తగా చేరాను. ఈ పార్కింగ్ ఒప్పందం చదివి, "బాగుంది మేడం. మనం స్థలం ఇస్తే చాలు, రూపాయి పెట్టక్కర్లేదు" అన్నాను.

"గట్లనా? జెర కూసో. ప్రభుత్వం అని ఉన్నకాడల్లా నీ పేరు పెట్టి గట్టిగ చదువు."

నవ్వుతూనే మొదలుపెట్టాను. "అనుకున్నన్ని వాహనాలు రాని పక్షంలో ఆ లోటును ముప్పై ఏళ్లపాటు సూర్యనారాయణ భరించును. కంపెనీ బ్యాంకు అప్పు తీర్చలేని పక్షంలో సూర్యనారాయణ తీర్చును." నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియలేదు.

"సంతకం పెడ్తవా?"

"చచ్చినా పెట్టను మేడం."

"మరి ఊరందరి పేరు మీద మనం ఎట్ల పెడ్తం?"

అప్పటికే శంకుస్థాపనకు ముహూర్తం పెట్టేశారు. అడ్డుపడితే బదిలీ తప్పదని ఆవిడకు పైనుంచి చల్లగా కబురొచ్చింది. ఇంట్లో చూస్తే, వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన తల్లి. అయినా సమావేశానికి వచ్చారు. కంపెనీ మనిషి తెర మీద బొమ్మలు చూపిస్తూ, బండ్లు బారులు తీరతాయని ఊదరగొట్టాడు. మేడం అంతా ఓపిగ్గా విన్నారు.

"బండ్లు పక్కా వస్తయంటున్నరు కదా సార్. మరి రాకపోతే మమ్ముల కట్టమని ఎందుకు రాసిన్రు?"

ఆయన మంచినీళ్లు తాగాడు. నేను చేతిలో కలం పట్టుకుని రాయడం మరిచిపోయి ఆవిడనే చూస్తూ ఉండిపోయాను. అంత చిన్న మాటకు అంత బలం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

కొన్నాళ్లకు కంపెనీ ఆ రెండు వాక్యాలూ వదులుకుని సంతకం చేసింది. ఆ వెంటనే మేడంను ఎవరూ కోరుకోని దూరపు జిల్లాకు వేశారు.

"అమ్మగారితో కష్టం కదా మేడం?" అన్నాను.

"తక్లీఫే. అమ్మను సుత తీస్కపోతున్న. సంతకం పెట్టుంటే ఇంకా పరేషాన్ అయితుండె, నిద్ర పట్టకపోతుండె."

భవనం లేచింది, బండ్లు రాలేదు. జనం ఇప్పటికీ దుకాణాల ముందే ఆపుకుంటున్నారు. నష్టం కంపెనీది. ఈ ఖాళీకి ఊళ్లో ఎవరూ పైసా కట్టడం లేదు, కట్టాల్సి వచ్చేదని కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర నేనున్నాను. ముందు ఒక ఆసుపత్రి ఒప్పందం ఉంది. అందులో అలాంటి వాక్యమే ఉంది, నాకూ అలాంటి కబురే వచ్చింది. అందుకే నిన్న, బజారులో కొనేదేమీ లేకపోయినా, ఆ మూడో అంతస్తుకు వెళ్లాను. ఒక్కణ్ణే నిలబడి, నా పేరు పెట్టి ఆ వాక్యం గట్టిగా చదివాను. ఇంటికి వెళ్లి, సామాన్లు సర్దుకోవాల్సి రావచ్చని మా ఆవిడకు చెప్పాను.