లాసా మాట వినిపిస్తే చాలు

ఈ ఉదయం జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా వంటింటి రేడియో పెడితే, చైనా పర్యటనకు వెళ్ళిన ఇక్కడి విదేశాంగ మంత్రి టిబెట్ స్వయంపాలన గురించీ, అక్కడివాళ్ళ మానవ హక్కుల గురించీ ప్రస్తావించారని వార్తల్లో చెప్పారు. టీ వడపోస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఏమైందని మా అమ్మాయి అలవాటుగా జర్మన్‌లోనే అడిగింది. అది పుట్టకముందు ఈ ఊళ్ళో నాకొక చిన్నమ్మ ఉండేదనీ, ఆ మాటలు రేడియోలో వచ్చిన రోజు ఆవిడకు పండగేననీ, బడికి పరిగెత్తే పిల్లకు నిలబెట్టి చెప్పగలనా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ దేశం వచ్చిన మనవాళ్ళలో చాలామందిలాగే నేనూ ఒక పాత భవనంలో పై అంతస్తు గది అద్దెకు తీసుకుని, మెట్లు ఊడ్చే వంతు నాదని తెలియక ఇంటావిడ చేత చీవాట్లు తిన్నదాన్ని. ఒక శనివారం ఆ మెట్లే తుడుస్తూ, ఫోన్లో మా అమ్మకు నా కష్టాలన్నీ వెళ్ళబోసుకుంటుంటే, కింది అంతస్తు తలుపు తెరుచుకుని ఒక టిబెటన్ ఆవిడ "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులో అడిగింది. మైసూరు దగ్గరి శరణార్థుల కాలనీలో పెరిగి, ఏటా చలికాలం హనుమకొండ బస్టాండు దగ్గర స్వెటర్లు అమ్మి, ఇక్కడ హోటల్లో వంటపనికి వచ్చిన భర్త వెంట ఈ దేశం చేరిందట. నేను వచ్చేసరికే ఆయన పోయారు, కొడుకుతో ఉండేది. మాదీ హనుమకొండే; చిన్నప్పుడు నా భుజాల కొలత కంటితోనే చూసి స్వెటర్ తీసిచ్చి, ఎంత బేరమాడినా పైసా తగ్గించని మనిషి ఈవిడేనని నేను తీర్మానించేసుకున్నాను. కాకపోయినా నష్టం లేదు, దేశం కాని దేశంలో మనిషికి ఆ మాత్రం పిచ్చి ఉంటుంది. మా చిన్నమ్మ ఈడుది కనుక చిన్నమ్మ అనే పిలిచాను.

ఆవిడకు ఉన్నది ఒకటే కోరిక. పసితనంలో మేనమామ వీపు మీద కొండలు దాటి వచ్చేస్తూ, లాసా దగ్గరి పల్లెలో వదిలి వచ్చిన సొంత అక్కను ఒక్కసారి చూడాలి. జర్మన్ పౌరసత్వం తీసుకున్నదీ, ఈ పాస్‌పోర్టుతోనైనా వెళ్ళనిస్తారనే. చైనావాళ్ళ వీసా మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు, ఏడాదికోసారి ఫోన్లో అక్క గొంతు వినడమే. అయినా ఇక్కడి ప్రభుత్వం టిబెట్ పేరెత్తితే చాలు, ఆ సాయంత్రం తుక్పా కాచి నన్ను కిందికి పిలిచేది. బేకరీలో రొట్టెను వేలితో చూపించి కొనుక్కునే మనిషి, మానవ హక్కులు అనే మాటను మాత్రం అచ్చం ఇక్కడివాళ్ళలాగే జర్మన్‌లో పలికేది. ఆ నూడిల్స్ పులుసు ముందు కూర్చోబెట్టి, వార్తలో ప్రతి వాక్యాన్నీ నా చేత తెలుగులో చెప్పించుకుని, చివరికి ఎప్పుడూ ఒకటే అడిగేది, మరి ఎప్పుడు పోనిస్తరంట అని. ఆందోళన వ్యక్తం చేశారు, చర్చలు జరగాలని కోరారు అనే ఆ మెత్తటి మాటల్లో పోయే దారి ఎక్కడుందో వెతకలేక నాకు విసుగొచ్చేది, ఆవిడకు మాత్రం ఎన్నడూ రాలేదు.

ఏటా మార్చి నెలలో ఒకరోజు, టిబెట్ తిరుగుబాటు గుర్తుగా, మా ఊరి రాట్‌హౌస్ మీద, అంటే పురపాలక భవనం మీద, టిబెట్ జెండా ఎగరేసేవారు. ఒక ఏడు అక్కడికి వచ్చిన నాయకుడొకాయన చిన్నమ్మ గోడు విని, పైవాళ్ళ చెవిన వేస్తానన్నాడు. నేను నమ్మలేదు. అన్నట్టే అప్పటి మంత్రిగారు చైనా వెళ్ళినప్పుడు విడిపోయిన కుటుంబాల మాట కూడా ఎత్తారని వార్త వచ్చింది. ఆ వారం చిన్నమ్మ కాలు నేల మీద నిలవలేదు. అక్క కోసం ముదురు ఎరుపు ఉన్నితో స్వెటర్ మొదలుపెట్టి, ఆ మనిషి కొలత ఇప్పుడెంతో తెలియక తన కొలతకే అల్లింది. కొన్నాళ్ళకు అక్క దగ్గర్నుంచే ఫోనొచ్చింది. ఇకమీదట ఫోన్ చెయ్యొద్దనీ, చేస్తే పిల్లలకు ఇబ్బందనీ చెప్పి పెట్టేసింది. మంత్రిగారి మాటకూ దీనికీ సంబంధం ఉందో లేదో మాకెప్పటికీ తెలియలేదు. బతికే ఉంది కదా అని చిన్నమ్మే నన్ను ఓదార్చింది.

తర్వాత కొడుకు ఉద్యోగం హానోవర్‌లో కుదరడంతో ఆవిడా అక్కడికి వెళ్ళిపోయింది. ఇవాళ టీ పక్కన పెట్టి ఆవిడకే ఫోన్ చేసి, వార్త మొత్తం పూర్వంలాగే తెలుగులో చెప్పి, ఆ పాత ప్రశ్న కోసం ఆగాను. అది రాలేదు. "ఇప్పుడు పోనిచ్చినా ఎవరింటికి పోవాలె బిడ్డా?" అంది. అక్క ఉందో లేదో తెలియదు, ఉంటే ఎనభై దాటి ఉంటుంది, ఆమె పిల్లలకు ఈవిడ ముఖమే తెలియదు. మోకాళ్ళ నొప్పుల గురించీ, డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకకపోవడం గురించీ కాసేపు చెప్పుకుని పెట్టేశాం.

ఈ ఊరు చాలా మారింది. ఎస్-బాన్ రైలెక్కితే మన పిల్లల తెలుగు వినపడుతుంది, దుకాణంలో గోంగూర దొరుకుతుంది, విదేశాంగ మంత్రులు ఎందరో మారారు. రేడియోలో ఆ మాటలు మాత్రం అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఎప్పుడు పోనిస్తరంట అని నన్ను విసిగించిన ఆ మనిషి నాకు మళ్ళీ కావాలి. జవాబు నా దగ్గర ఆనాడూ లేదు, కానీ ఆవిడ అడుగుతున్నన్నాళ్ళూ పోయే దారి ఎక్కడో ఉందనే అనుకున్నాను.