మెడ దాకా పాకిన మచ్చ

నా చిన్నప్పుడు, అంటే నిజం వయసు పదహారూ పాస్‌పోర్టు వయసు ఇరవై మూడూ ఉన్నప్పుడు, కువైట్‌లో అల్ రాయ్ గోదాముల్లో మూటలు మోసేవాణ్ణి. ఇరాక్ సైన్యం వచ్చి పడ్డాక మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీళ్ళు ఎటు వాళ్ళు అటు పోయారు. కడప జిల్లా వాళ్ళం నలభై మందిమి ఒక గోదాములో చేరి, జోర్డాన్ దాకా తీసుకెళ్ళే బస్సు కోసం చూస్తున్నాం.

మాతో మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే ఒక అక్క ఉండేది. ఉన్న కాస్త పిండితో అందరికీ రొట్టెలు కాల్చేది ఆమే. ఆమె సంచిలో, అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కాగితం కోసం తీసిన ఛాతీ ఎక్స్‌రే ఉంది. కుడివైపు పైన తెల్లటి మచ్చ కనబడిందనీ, మళ్ళీ తీయాలనీ చెప్పారట. ఆలోపే యుద్ధం వచ్చింది. ఆ ఫిల్ము మా మేస్త్రీ కంట పడింది.

"నీకు క్షయ ఉండాది మ్మే. బస్సులో అందరం ఒగటే గాలి పీల్చాల. నువ్వు ఎనక బస్సుకు రా," అన్నాడు.

వెనక బస్సు లేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. రొట్టెలు మాత్రం ఆమె చేతే కాల్పించుకున్నారు. నిప్పు మీద క్రిములు చస్తాయట. నేను నోరెత్తలేదు సరికదా, నా స్టీలు గ్లాసు మీద మేకుతో గీత గీసి వేరుగా పెట్టుకున్నాను. తలచుకుంటే నా మీద నాకే రోత.

వచ్చిన బస్సులో గోదావరి వైపు నర్సమ్మ ఒకావిడ ఉంది. మేస్త్రీ తలుపుకు అడ్డం నిలబడడం చూసి దిగి, సంగతి అడిగి, ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకుంది.

"దగ్గుందా అమ్మా? జొరం? చిక్కిపోయావా?"

"ఏం లేదు సిస్టర్."

"ఫొటో తీసినప్పుడు జడెక్కడుంది?"

అక్క తల దించుకుంది. "వాళ్ళిచ్చిన గౌను ఎద కాడ పల్చగుండె. మిషను కాడ మగోడు. జడ ముందరికేసుకోని నిలబడితి."

నర్సమ్మ ఆమె జడను కుడి భుజం మీదుగా ముందుకు వేసి, ఫిల్మును పక్కన పట్టింది. "నూనె పెట్టి బిగించి అల్లిన జడండీ, ఫొటోలో తెల్లగా పడుద్ది. మచ్చ చూడండి, మెడలోకి పోయింది. మెడలో ఊపిరితిత్తులుంటాయా మేస్త్రీ గారూ?" తర్వాత అక్కతో, "ఊరెళ్ళాక జడ పైకి కట్టి మళ్ళీ తీయించుకో, అప్పుడే ఖాయం. ఇప్పుడు నా పక్కన కూర్చో," అంది.

బస్సు కదిలిన గంటకే మేస్త్రీ వెనక్కి తిరిగి, "రొట్టె ఏమన్నా మిగిలిందా మ్మే?" అన్నాడు. సిగ్గు లేని గొంతు. అక్క ఇచ్చింది. నాకూ ఇచ్చి, నా గ్లాసులో నీళ్ళు పోసి, "నీ గీత గ్లాసే లేబ్బీ, తాగు," అంది.

ఊళ్ళో తీసిన ఫొటోలో మచ్చ లేదు. ఉంటే మాత్రం? జబ్బు మనిషిని యుద్ధంలో వదిలి పోతారా అని ఆ రోజు నలభై మందిలో ఒక్కడూ అడగలేదు. తర్వాత పుస్తకాలు కొని, ఎక్స్‌రే చూడడం నాకు నేనే కొంత నేర్చుకున్నాను. ఎవరు ఫిల్ము తెచ్చినా ముందు మనిషినే చూస్తాను, కూర్చోబెట్టి ఆ గ్లాసుతోనే నీళ్ళిస్తాను. గీత ఇంకా పోలేదు. నేను పోగొట్టలేదు.