తాత కథలు ఆగే చోటు

నా చిన్నప్పుడు మా తాత చెప్పిన కథల్లో ఒక్కటి కూడా పూర్తి కాలేదు. నంగునూరు దగ్గర మా ఊళ్ళో ఆయన ఇంటింటికీ తిరిగి గడ్డాలు గీసేవాడు, జుట్టు కత్తిరించేవాడు. కత్తి, కత్తెర, దువ్వెన, సానరాయి పెట్టుకునే తోలుసంచిని మేము పొది అనేవాళ్ళం. బడి లేని రోజుల్లో ఆ పొది మొయ్యడం నా పని. తాత మనిషిని చెట్టునీడలో గోనెపట్టా మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా గొంతుక్కూర్చుని, గడ్డానికి నీళ్ళు రుద్దుతూ కథ ఎత్తుకునేవాడు.

వాటిలో నాకు బాగా గుర్తున్నది తప్పిపోయిన ఎద్దు కథ. ఒక రైతు ఎద్దు మేతకు పోయి తిరిగి రాదు. పొద్దు గూకుతుంది, వాన పట్టుకుంటుంది. చేన్లన్నీ వెతుక్కుంటూ పోతుంటే, ఎండిపోయిన పాతబావిలో నుంచి ఎద్దు మెడలోని గంట చప్పుడు వినిపిస్తుంది. రైతు ఒడ్డున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూస్తాడు. సరిగ్గా అక్కడ తాత ఆగేవాడు. కత్తి పట్టిన చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకునేవాడు. రెండో చేత్తో సానరాయిని తీసి, అక్కర లేకపోయినా నింపాదిగా తడిపేవాడు.

"అటెన్క? అండ్ల ఏమున్నది?" అని ఎదుటి మనిషి ఆగలేకపోయేవాడు.

"ఉండు పటేలా, గాయిన కండ్లకు ఇంక చీకటి అలవాటు కాలే" అనేవాడు తాత.

కాసేపటికి కత్తి మళ్ళీ లేచేది. కథ బావిలోకి దిగకుండా ఇంకో చేను చుట్టూ తిరిగేది. కథ తేలేలోపు గడ్డం అయిపోయేది, మనిషి దులుపుకుని లేచిపోయేవాడు. అది తాత కథ చెప్పే నేర్పు అని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను, ఆ ఎండాకాలం పొద్దున దాకా.

ఆ రోజు ఊళ్ళో అందరూ పటేలా అని పిలిచే ఒక పెద్దరైతు సిద్దిపేటకు పోవాలని తొందరగా వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటూనే, "ఓ ముసలోడా, నీ కథలు బందువెట్టు. బస్సుకు యాల్లయితుంది. సప్పుడు జేయకుంట గీకు" అన్నాడు. తాత పని మొదలుపెట్టాడు. కథ లేకుండా ఆయన పనిచెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. ఒక చెంప అయింది. తాత పెదవులు బిగుసుకుపోయాయి. నుదుటి మీద చెమట కనుబొమలదాకా జారింది. రెండో చెంప మీదికి చెయ్యి ఎత్తాడో లేదో, వేళ్ళ మధ్య నుంచి కత్తి జారి గోనె మీద పడింది.

"ఏందోయ్, గొంతు కోస్తవా ఏంది?" అన్నాడు పటేలు.

తాత కత్తి అందుకోబోయాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వంగలేదు. నేను కత్తి తీసి ఆయన చేతిలో పెట్టబోతే ఆ చెయ్యి చల్లగా తగిలింది. అంత ఎండలో, నీళ్ళకుండను ముట్టుకున్నట్టు. తాత కత్తి తీసుకోలేదు. నా ముఖంలోకి చూశాడు.

"చేతికి చెమట వట్టింది పటేలా, జరంత ఆరనియ్. గీ పోరడు కొత్త కథ నేర్చిండు, ఇను" అన్నాడు.

నేను ఏ కథా నేర్వలేదు. నాకు వచ్చినది ఆ ఎద్దు కథే. అదే మొదలుపెట్టాను. ఎద్దును తెల్లగా చేశాను, కొమ్ములకు ఎర్రరంగు వేశాను. చెబుతూ తాత చేతినే చూస్తున్నాను. అది మోకాలి మీద వెల్లకిలా, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడివుంది. అది కదిలేదాకా కథ నడవాలని మాత్రం నాకు అర్థమైంది. అందుకే రైతును ఒక చేను దాటించి ఇంకో చేనుకు తిప్పాను. వాగు దాటించాను. ముళ్ళకంపలో పడేశాను. చివరికి వేరే దారి లేక బావి దగ్గరికి తెచ్చి ఆపాను.

"అటెన్క?" అన్నాడు పటేలు.

నాకు తెలియదు. ఆ సమయానికి రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. పటేలు సగం లేచి, గీయని చెంపను తడుముకున్నాడు.

"సగం గడ్డంతోని పోతవా పటేలా? సిద్దిపేటకు రెండు మొకాలోడు అచ్చిండని జనం సూడ అస్తరు" అన్నాడు తాత.

పటేలు నవ్వి కూలబడ్డాడు. "పోనీ తియ్, ఇంకో బస్సున్నది. ఎద్దు దొర్కిందా లేదా గది జెప్పుర పోరడా" అన్నాడు. అప్పటికి తాత వేళ్ళు మెల్లగా వంగుతున్నాయి. కత్తి అడిగి తీసుకుని మిగతా చెంప గీశాడు.

ఇంటికి వస్తూ దారిలో కాలువ మీది మోరీగోడ మీద కూర్చున్నాం. తాత తువ్వాల మడిచి మోచేతి కింద పెట్టుకుని, పిల్లను పడుకోబెట్టినట్టు చేతిని దాని మీద ఆనించాడు. బావిలో ఏముంది తాతా అని అడిగాను.

"నాకెర్క లేదు బిడ్డా. మెడకాంచి చేతి ఏళ్ళదాక గుంజినప్పుడల్ల గా బాయికాడ ఆపుత. చెయ్యి లేస్తె మల్ల మొదలువెడ్త. గంతనే."

దవాఖానకు పోవచ్చు కదా అన్నాను. పోయానని, నూనె రాసుకోమన్నారని చెప్పాడు. "లేవనన్న చేతిని బలిమికి లేపితె కత్తి పోయి మనిషి మెడమీద వడ్తది. అందుకే జర కూసోనిస్త. గిది ఎవలికి జెప్పకు. కత్తి వట్టే చెయ్యి సచ్చువడ్తదని తెలిస్తె నా ముంగట ఎవలు మెడ వెడ్తరు?"

నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కథ బావి దగ్గర ఆగితే తాతకు నొప్పి లేచిందని నాకు తెలిసేది. ఆ ఒడ్డు నుంచి కథను నేను అందుకునేవాణ్ణి. కొంతకాలం ఇద్దరం అలా నెట్టుకొచ్చాం. అయినా దానివల్ల ఆయన చెయ్యి నిలవలేదు. నాకు మీసాలు రాకముందే ఆ వేళ్ళు కత్తిని పూర్తిగా వదిలేశాయి. ఒకరోజు కథ చెప్పమని అడిగితే, "ఇంక ఆపేదేమున్నది బిడ్డా, చెప్పుడెందుకు" అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను అదే పనిలోకి వచ్చాను. సిద్దిపేటలో తిరిగే కుర్చీ, నిలువుటద్దాలు పెట్టి దుకాణం తెరిచాను. అది నిలబడి, రెండు చేతులూ భుజాల ఎత్తున పట్టుకుని చేసే పని. నా చెయ్యి ఊళ్ళో అందరికంటే వేగమని పేరు, ఆ పేరంటే నాకు పిచ్చి. కథల్లేవు, మధ్యలో ఆగడం లేదు. వేళ్ళకు తిమ్మిరెక్కితే విదిలించి మళ్ళీ కత్తెర అందుకునేవాణ్ణి. నా కొడుకు పనిలో చేరాక, ఒకసారి కటింగు మధ్యలో చెయ్యి దించి వేళ్ళు దులుపుకున్నాడు. దుకాణం నిండా జనం. "గింతకేనా? మా తాత చెయ్యి వడిపోయినా కత్తి దించలే" అన్నాను. అందరూ నవ్వారు. వాడు తల వంచుకుని కత్తెర ఎత్తాడు.

అది పచ్చి అబద్ధం. తాత దించేవాడు. దించడం కోసమే ఆ కథలన్నీ అల్లాడు. ఆ సంగతి తెలిసిన మనిషిని ప్రపంచంలో నేనొక్కణ్ణే. దాన్ని తిరగేసి నా కొడుకు మీద కొరడాలా వాడాను.

ఇప్పుడు నా కుడిచేతికీ అదే వచ్చింది. డాక్టరు దాన్ని థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అన్నాడు. మెడకూ భుజానికీ మధ్య, పై పక్కటెముక దగ్గరి ఇరుకు సందులో చేతికి పోయే నరాలు నలుగుతున్నాయట. ఏళ్ళ తరబడి చేతులెత్తి పనిచెయ్యడమూ ఒక కారణం కావచ్చన్నాడు. చెయ్యి పైకెత్తొద్దు, బరువు మొయ్యొద్దు, రోజూ మెడకూ భుజానికీ ఈ కసరత్తులు చెయ్యి అన్నాడు. నొప్పి పూర్తిగా పోతుందని ఆయన అనలేదు. నేనూ రెండోసారి అడగలేదు. తాతకు వచ్చింది ఇదేనో కాదో నేను చెప్పలేను. ఆ రోజుల్లో దానికి పేరు పెట్టినవాళ్ళు లేరు.

ఒక్కోసారి కొన్ని వారాలు నెమ్మదిగా ఉంటుంది. అప్పుడే నా బుద్ధి గడ్డి తింటుంది. ఈ పెళ్ళిళ్ళ కాలంలో ఒక ఆదివారం దుకాణం కిక్కిరిసి ఉంటే, చెయ్యి బాగానే ఉంది కదా అని కత్తెర పట్టుకుని ఒకరి తర్వాత ఒకరికి కటింగు చేశాను. కొడుకు కూర్చోమన్నా వినలేదు. సాయంత్రానికి చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి కుర్చీలో కూర్చుని, మోచేతి కింద దిండు పెట్టుకుని, మెడ నుంచి చిటికెన వేలిదాకా మంట భరిస్తున్నాను. తల దువ్వుకోలేను, చొక్కా గుండీ పెట్టుకోలేను. దిండు సరిగ్గా పెట్టలేదని మా ఇంటామెను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మళ్ళీ సర్దింది. అది తలుచుకుంటే చేతి మంట కంటే ఎక్కువ సిగ్గేస్తుంది. అయినా మర్నాడు మళ్ళీ అరిచాను.

నొప్పి లేచినప్పుడు ఎద్దు కథ నాకు నేనే చెప్పుకుంటాను. బావి దగ్గర ఆపి, పట్టు కాస్త వదిలేదాకా ఎదురుచూస్తాను. కొన్ని రోజులు వదలదు. ఆ రోజంతా రైతు వానలో ఒడ్డు మీద బోర్లా పడుకునే ఉంటాడు.

నా గడ్డం ఇప్పుడు నా కొడుకే గీస్తాడు. దుకాణం తెరవబోయే ముందు ఇంటికి వచ్చి, నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఈ మధ్య ఒకరోజు ఒక చెంప అయ్యాక వాడు వేళ్ళు ముడిచి తెరవడం చూశాను. ఉంగరపు వేలూ, చిటికెన వేలూ. ఏమైందిరా అన్నాను.

"ఏం లేదు బాపు, తిమ్మిరి."

"ఎప్పటిసంది?"

"శానా దినాలాయె."

"మరి నాకెందుకు జెప్పలే?"

"జెప్తె ఏమంటవో ఎర్కనే గద" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

డాక్టరుకు చూపించుకో అన్నాను. పెళ్ళిళ్ళు అయిపోనీ అన్నాడు. నేనూ ఏళ్ళపాటు అదే మాట అన్నాను. పని మధ్యలో చెయ్యి దించు, కథ చెబుతున్నట్టు చెయ్యి, ఎవరికీ తెలియదు అన్నాను. వాడు నవ్వాడు. "కుర్చీల కూసున్నోడి చేతుల ఫోనుంటది బాపు. గిప్పుడు కథలెవలు ఇంటరు?"

నిజమే. వాడు కత్తి ఎత్తి రెండో చెంప మీదికి వంగాడు. సగం ముఖానికి సబ్బునురగతోనే నేను మొదలుపెట్టాను. ఒక రైతు ఎద్దు మేతకు పోయి తిరిగి రాలేదు. ఆ కథ నేను వాడి చిన్నప్పుడు ఒక్కసారి కూడా చెప్పలేదని, చెబుతుంటేనే గుర్తొచ్చింది. పొద్దు గూకింది, వాన పట్టుకుంది, పాతబావిలో గంట మోగింది. రైతు బోర్లా పడుకుని తొంగిచూశాడు. అక్కడ ఆగాను.

"అటెన్క?" అన్నాడు వాడు.

వాడు నా ముఖంలోకి చూస్తూ, తెలియకుండానే చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గాయిన కండ్లకు ఇంక చీకటి అలవాటు కాలే బిడ్డా" అన్నాను.

నా చెయ్యి దిండు మీద మండుతూనే ఉంది. వాడి చెయ్యి ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. బావిలో ఏముందో ఇప్పటికీ తెలియదు. తాత దగ్గరి నుంచి నాకు మిగిలింది ఆ బావి ఒడ్డు ఒక్కటే. అప్పటి నుంచి వాడు గడ్డం గీయడానికి వచ్చినప్పుడల్లా అక్కడిదాకా తీసుకుపోయి, కాసేపు కూర్చోబెట్టి, పనికి పంపిస్తున్నాను.