బ్యాంకాయన వెంట నా పరుగు

బ్యాంకువాళ్ళు జనం వెంటపడటం మీరు చూసే ఉంటారు. నిడదవోలు మెయిన్‌రోడ్డు మీద ఒంటి చెప్పుతో బ్యాంకాయన వెంటపడ్డ ఆడమనిషిని చూశారా? ఇదిగో, నన్ను చూడండి!

ఆరేళ్ళ కిందట మావారి రొయ్యల చెరువుకి వైరస్ తగిలి, తాకట్టులో ఉన్న మా ఇల్లు బ్యాంకు వేలంలో పోయింది. ఓ వారం ఏడ్చాను. తర్వాత టైలరింగ్ షాపు పెట్టాను. ఒక్క మిషనుతో మొదలుపెట్టా, ఇప్పుడు నాలుగు! మిగిలిన బాకీ తీర్చి, పడిపోయిన క్రెడిట్ స్కోరుని మెల్లగా పైకి లాక్కొచ్చి, పోయిన నెల హోమ్ లోన్‌కి అప్లై చేశాను.

"ఒకసారి ఇల్లు పోయినవాళ్ళకి మళ్ళీ ఇస్తారంటావా?" అని మావారు నసిగారు.

"ఎందుకివ్వరు? చచ్చినట్టు ఇస్తారు!" అన్నాను.

మేనేజర్ గారు కూడా, "కాగితాలన్నీ బాగున్నాయండి. మా ఆఫీసరొచ్చి మీరిప్పుడుంటున్న అద్దె ఇల్లు ఓసారి చూసుకుంటారు, అంతే" అన్నారు.

ఓ మంగళవారం పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. గేటు దగ్గర కేక. "సత్యవేణి గారున్నారాండి? బ్యాంకు నుంచి వచ్చానండి!"

అంతే! వేలానికి ముందు ఏడాదంతా ఆ మాట వినపడితే దాక్కునేవాళ్ళం. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? బుర్ర ఆలోచించేలోపే నేను నీళ్ళ డ్రమ్ము వెనకున్నాను. ఇంటి ఓనరు పిన్నిగారికి "లేనని చెప్పండి" అని సైగ చేశాను. ఆవిడకి నేనంటే ప్రాణం. లేనని చెప్పి ఊరుకోవచ్చుగా!

"వాళ్ళా? ఖాళీ చేసి నెల్లాళ్ళయింది బాబూ! ఏ ఊరెళ్ళారో కూడా తెలీదు!"

"అలాగాండి? అదే రాసేస్తానండి" అంటూ ఆయన బండి తీశారు.

పిన్నిగారు గర్వంగా వెనక్కొచ్చారు. "పంపించేశానమ్మా! ఏదో హోమ్ లోన్ వెరిఫికేషనంట!"

ఓరి దేవుడో!

కుచ్చిళ్ళు పైకి దోపి పరుగో పరుగు. ఓ చెప్పు సందు చివరే తెగిపోయింది. "బాబుగారూ, ఆగండి!" ఆయన వెనక్కి చూసి స్పీడు పెంచేశారు. తడి చీర, చేతిలో బట్టల క్లిప్పులు... నన్ను చూస్తే నేనైనా పెంచేదాన్నే! అదృష్టం, రైల్వే గేటు పడింది.

"నేనేనండి... సత్యవేణిని!"

"మీరు ఊరొదిలేశారన్నారు కదండీ?"

రొప్పుతూనే ఉన్నదున్నట్టు చెప్పేశాను, వేలం సంగతితో సహా. "బ్యాంకంటే దాక్కుంటాను గానీ, వాయిదా ఒక్కరోజు ఆలస్యం చెయ్యనండి!"

ఆయన గేటు లేచేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాతో వెనక్కొచ్చి ఇల్లు చూశారు, షాపు చూశారు, పిన్నిగారి చేత అసలు నిజం చెప్పించారు. చివరికి, "ఇంటి ముందు మీ ఫొటో కావాలండి" అన్నారు.

"ఒక్క నిమిషమండి, జుట్టు దువ్వుకొస్తాను."

"వద్దండి బాబూ! లోపలికెళ్తే మళ్ళీ దొరుకుతారో లేదో!"

లోన్ శాంక్షనైంది. నిన్న సంతకాలకెళ్ళి ఫైల్లో ఆ ఫొటో చూశాను. ఇల్లు కొనుక్కుంటున్న మనిషిలా ఎక్కడున్నానండీ? ఇల్లు దోచుకుని గోడ దూకుతూ దొరికిపోయినదానిలా ఉన్నాను!