పాయింటు తప్పు

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా. మీకు చెబుతున్నాను. వినండి చాలు. జాలిపడితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మాది బంగారుపాళ్యం పక్క. బోర్లు వేసే లారీ మీద పని చేసేవాణ్ని. మా దిక్కున నీళ్లు పడకపోతే తెలిసిన మందు ఒకటే, ఇంకా లోతుకు పోవడం. మామిడి చెట్లు ఎండుతుంటే రైతులే బతిమాలి దించమనేవాళ్లు. అప్పటికీ పడకపోతే, ఇక్కడ వెయ్యమని చోటు చూపినవాణ్ని తిట్టేవాళ్లం. చోటు చూపడాన్ని పాయింటు అంటాం. బోరు వేసినవాడిది ఎప్పుడూ తప్పు కాదు. పాయింటు తప్పు, అంతే.

ఒక ఏడు వచ్చిన కరువుకు పులికాట్ ఉప్పునీళ్ల సరస్సే ఎండిపోయింది. అందులో ఓ దీవి, దాని మీద ఒక ఊరు. తాగునీళ్లు పడవలో తెచ్చుకునేవాళ్లు, ఆ పడవ ఆగిపోయింది. ఊరంతటికీ ఒకే ఊటబావి మిగిలింది. దానికి తోడుగా బోరు కావాలన్నారు. పడవలు తిరిగే దారిలోనే, ఎండిన బురద మీద మా లారీ పోయింది. బావి పక్కన పాయింటు చూపించింది ఆ ఊరి ముసలామె, సెల్లమ్మవ్వ. బోరు కాస్త దిగగానే చేయి అడ్డం పెట్టింది.

"పైపైనే తీపి నీళ్లప్పా. కింద అంతా ఉప్పే ఉండాది. సాలు, ఇంక దించొద్దు."

"మాకు నేర్పొద్దవ్వా. మేం సూడని బోర్లా?"

దించాను. ఎందుకు దించాను? పొగరు. కళ్లు నెత్తికెక్కాయి. చిమ్మిన నీళ్లు పెదవి మీద పడి ఉప్పగా తగిలాయి. అక్కడే ఆపి, పూడ్చేసి, తప్పయిందని చెప్పాల్సినవాణ్ని, నోరు మూసుకుని పైపు దించి వచ్చేశాను. మోటారు వేసిన కొద్దిరోజులకే కింది ఉప్పు పైకెక్కి పక్కనున్న బావి కూడా ఉప్పైపోయింది.

పెద్దలు పిలిపించి అడిగారు. "మా పనిలో తేడా లేదప్పా. పాయింటే తప్పు" అన్నాను. ఖాళీ బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరూ అవ్వ వైపు తిరిగారు. ఎన్ని తిట్లు తిట్టారో! నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారే, ఏదీ ఆ న్యాయం? తప్పు చేసింది నేను. ఉప్పు నీళ్లు తాగింది పసిబిడ్డలు.

అవ్వ నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే ఎంత బాగుండేది! లారీ దాకా వచ్చి మెల్లగా అడిగింది.

"నిజం సెప్పు నాయనా. నేను సూపించిందే తప్పా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను మొహం తిప్పుకుని లారీ ఎక్కాను. అదే జవాబనుకుంది పిచ్చితల్లి. ఊళ్లో ఎవరూ పలకరించక, నాయుడుపేటలో కూతురి దగ్గర చేరిందట. తప్పు తనదేనని నమ్ముతూనే కన్నుమూసిందట. నాయుడుపేట ఏమన్నా కాశీయా? ఒక్కసారైనా పోయానా? ఛీ, నాదీ ఒక బతుకే! కరువని, ఖర్మని ఇంకెవరి మీదికీ నెట్టను.

కాదవ్వా. నువ్వు చూపించింది సరైన చోటే. చెడగొట్టింది నేను.