చిన్నమ్మ మాఫ్ చెయ్యలేదు

మొన్న ఆదివారం పొద్దున మా చిన్నమ్మ పోయింది. చాయ్ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిందట. అమ్మ ఫోన్ చేసి, "చెల్లె పోయింది బిడ్డా" అని, ఇంకేమీ చెప్పలేక పక్కవాళ్ళకు ఇచ్చేసింది. నేను మిల్లులుండే సచిన్ నుంచి మా వాడ లింబాయత్ చేరేసరికి గల్లీ మొదటి దాకా చెప్పులే. చాలావరకు ఆడపిల్లలవి. ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళవి.

పోయినవాళ్ళ గురించి చల్లని మాటలే రాయాలంటారు. చిన్నమ్మ గురించి అలా రాస్తే అబద్ధమవుతుంది. ఆమె పగ పట్టిన మనిషి, పట్టిన పగ తీర్చుకున్న మనిషి. నేను ఈ రోజు తినే తిండి సగం ఆ పగ పెట్టిందే. అందుకే దాన్ని దాచకుండా చెబుతున్నాను.

మాది మగ్గాల కుటుంబం. తాత కరీంనగర్ వైపు నుంచి రాష్ట్రం దాటి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్‌లో పడ్డాడు. నాన్న, మామలు అదే దారి పట్టారు. చిన్నమ్మ ఒక్కతే కొట్లాడి కంప్యూటర్ డిప్లొమా చదివి, సచిన్‌లో ఒక అద్దకం మిల్లు ఆఫీసులో చేరింది. ఫోన్ ఎత్తితే హలో అనేది కాదు, "చెప్పు" అనేది. తెర మీద ఉన్నదాన్ని పెదవులు కదుపుతూ చదివేది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆపేది, ఎదుట ఉన్నది మిల్లు యజమాని సేఠ్ అయినా సరే.

ఆమె పనేమిటో చెప్పాలి, లేకపోతే జరిగిన అన్యాయం అర్థం కాదు. మిల్లులో ఏ లాట్ బట్ట ఎక్కడిదాకా వచ్చిందో డేటాబేస్‌లో ఉంటుంది. చిన్నమ్మ రాసిన మొదటి స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, ఏ నంబరు లాట్ దాకా లారీ ఎక్కిందని డేటాబేస్‌ను అడిగేది. వచ్చిన జవాబును, ఆ స్క్రిప్టుల్ని నడిపే షెల్ పట్టుకుని రెండో స్క్రిప్ట్‌కు అందించేది. ఆ నంబరు దాకా ఉన్న లాట్లన్నీ వెళ్ళిపోయినట్టు రాసి, సరుకు వెంట వెళ్ళే చలాన్లు ముద్రించడం రెండోదాని పని. ఈ రెండింటి మధ్య ఆమె ఒక కాపలా పెట్టింది. మొదటిది తప్పు లేకుండా ముగిసిందా, వచ్చింది ఒకే ఒక్క నంబరేనా అని చూసి, కాకపోతే పనిని అక్కడే ఆపేసే నాలుగు వరుసలవి. "జవాబొచ్చిందని సంబరపడకు. గది జవాబేనా సూడు" అనేది మాతో.

అప్పుడే ఆ ఆఫీసుకు కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. తెలుగాయనే, హజీరా వైపు ఏదో కంపెనీలో చేసి వచ్చాడు. మనవాడు పైన ఉన్నాడని అమ్మ సంతోషపడింది కూడా. ఆయనకు ఆ కాపలా నచ్చలేదు.

"ఏమిటమ్మా, మీ ప్రోగ్రాం మాటిమాటికీ ఆగిపోతుంది?" అని అడిగాడట.

"ఆగాల్సిన కాడనే ఆగుతుంది సార్."

ఆయన కాపలా తీసేశాడు. దాని స్థానంలో, వచ్చిన జవాబులో అంకెలు తప్ప మిగతా అక్షరాలన్నీ చెరిపేసే ఒక వరుస పెట్టాడు. చిన్నమ్మ అందరి ముందే చెప్పింది: "సార్, తప్పయిందని డేటాబేస్ రాసే మాటల గూడ నంబర్ ఉంటది. రేపు గా నంబర్‌నే లాట్ అనుకుంటది."

"ముందు తెలుగు సరిగా మాట్లాడ్డం నేర్చుకోండి. తర్వాత నాకు నేర్పుదురుగాని" అన్నాడాయన. ఆఫీసు నవ్విందట. చిన్నమ్మ ఈ మాటను నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ ఆయన గొంతుతోనే.

ఆమె చెప్పినట్టే జరిగింది. ఒక ఉదయం సర్వర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. సరిగ్గా ఆ సందులో నడిచిన మొదటి స్క్రిప్ట్‌కు లాట్ నంబరు బదులు, తప్పు జరిగిందనే వాక్యం, దాని ఎర్రర్ నంబరు వచ్చాయి. ఇన్‌చార్జి పెట్టిన వరుస మాటల్ని చెరిపేసి నంబరును ముందుకు పంపింది. అది మిల్లులో ఉన్న అన్ని లాట్ల కంటే పెద్దది. ఇంకా రంగు నీళ్ళలో నానుతున్న బట్ట కూడా లారీ ఎక్కిపోయినట్టు రెండో స్క్రిప్ట్ రాసేసింది. మార్కెట్ వ్యాపారులు రాని సరుకు కోసం ఫోన్ల మీద తిట్టారు. ఏ బట్ట తాను ఏ వ్యాపారిదో తేలేదాకా మడత విభాగం మూసేసి, అక్కడి ఆడవాళ్ళను ఇంటికి పంపారు. తేలడానికి చాలా రోజులు పట్టింది.

ఆ మధ్యాహ్నం ఇన్‌చార్జి చిన్నమ్మను క్యాంటీన్‌లో నిలబెట్టాడు. అందరికీ అర్థమయ్యేలా హిందీలో, "మీ పని పోయింది ఈమె రాసిన ప్రోగ్రాం వల్లే" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే సేఠ్ రేపటి నుంచి రావద్దన్నాడు.

మడత విభాగంలో సగం మా గల్లీవాళ్ళే. మర్నాడు నల్లా దగ్గర ఎదురింటామె, "మా నోట్లె మట్టి గొట్టినవ్ గద" అంది. ఆ ఏడు బతుకమ్మ ఆడుతుంటే చిన్నమ్మకు వలయంలో ఎవరూ జాగా ఇవ్వలేదు. పళ్ళెం పట్టుకుని కాసేపు నిలబడి ఇంటికొచ్చింది. అమ్మ ఓదార్చబోయింది.

"పోనీ చెల్లె. దేవుడే సూసుకుంటడు."

"దేవునికి మస్తు పనులుంటయి అక్కా. గిది నా పని."

జోల్వాలో ఒక నేత ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. సాయంత్రాలు ముందు గదిలో గల్లీ ఆడపిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. మొదట చేరినవాళ్ళలో నేనూ ఉన్నాను. మేము రాసిన స్క్రిప్టులు నడుస్తుండగా నెట్‌వర్క్ తీగ పీకేసి, మా ముఖాలు చూసేది. మొదటి స్క్రిప్ట్ నుంచి వచ్చిన చెత్తను రెండోది మింగేస్తే కోప్పడేది కాదు. "గట్లనే పంపు. నిన్ను గూడ ఎవడన్న క్యాంటీన్ల నిలవెడతడు" అనేది. ఆ మాటకు ఏడ్చినవాళ్ళున్నారు. ఆ తప్పు మళ్ళీ చేసినవాళ్ళు మాత్రం లేరు. పల్సానా నుంచి సచిన్ దాకా చాలా మిల్లుల్లో ఇప్పుడు ఆ పని చేసేది ఆమె నేర్పిన పిల్లలే.

కొన్నేళ్ళకు పాత మిల్లు డేటాబేస్ మార్చింది. స్క్రిప్టులు ఒకదాని జవాబు ఒకటి అందుకోలేక ఆగిపోయాయి. చలాన్లు చేత్తో రాయాల్సి వచ్చింది. సేఠ్ మండిపడ్డాడు. ఇన్‌చార్జి మా గల్లీ వెతుక్కుంటూ వచ్చాడు. ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. చిన్నమ్మ కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏం కావాలన్నా అడగండమ్మా, ఇప్పిస్తాను."

"ఒక్కటే సార్. గదే క్యాంటీన్ల, గా మంది ముందట, కాపలా తీసేసింది నేనే అని చెప్పున్రి. హిందీల."

"పాత విషయాలు ఇప్పుడెందుకు?"

"మీకు పాతయి."

ఆయన కప్పు దించి లేచిపోయాడు. ఆయన మలుపు తిరిగేలోపే చిన్నమ్మ ఫోన్ తీసింది. ఒక్కొక్క పిల్లకూ చెప్పింది: "ఆయన ఫోన్ జేస్తడు. ఏం చెప్పాల్నో నీకెరుకే."

చేశాడు. ఈ పని తెలిసినవాళ్ళెవరని ఎక్కడ వాకబు చేసినా మాలో ఒకరి పేరే వచ్చేది. నాకూ చేశాడు. "మా చిన్నమ్మ షరతే నాదీ సార్" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ఒంట్లో కలిగిన సుఖాన్ని దాచను.

చివరికి సేఠే ఆయన్ని ఒప్పించాడు. క్యాంటీన్‌కు చిన్నమ్మ నన్నూ తీసుకెళ్ళింది. ఇన్‌చార్జి తల దించుకుని, గబగబా చెప్పేసి కూర్చోబోయాడు.

"ఎనకోళ్ళకు ఇనవడలే సార్" అంది చిన్నమ్మ హిందీలో.

ఆయన మళ్ళీ చెప్పాడు, గట్టిగా. ఎదురింటామె చేతిలో ఎత్తిన ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత చిన్నమ్మ తన మాట ప్రకారం స్క్రిప్టులన్నీ సరిచేసి, కాపలాను మళ్ళీ నిలబెట్టింది. ఉద్యోగం ఇస్తామంటే వద్దంది. వెళ్ళబోతుంటే ఇన్‌చార్జి అడిగాడు, "ఇక నన్ను మాఫ్ చేసినట్టేగా?"

"చెప్పమన్న. మాఫ్ జేస్త అనలే."

చిన్నమ్మ పోయిన మూడో రోజు ఆయన నాకు ఫోన్ చేశాడు. ముసలి గొంతు. "చాలా పెద్ద మనసున్న మనిషమ్మా" అన్నాడు. చావు ఇంట్లో అందరూ అనే మాటే అది. అవునంటే సరిపోయేది.

"కాదు సార్" అన్నాను. "మిమ్మల్ని ఆమె మాఫ్ చెయ్యలేదు. నేనూ చెయ్యను." ఫోన్ పెట్టేశాను.

నాకు గుర్తుండిపోయిన చిన్నమ్మ, పని ముగించి మిల్లు నుంచి బయటికి వచ్చిన ఆ సాయంత్రపు చిన్నమ్మ. మిల్లు గేటు ఎదుటి బండి దగ్గర ఆవిరి మీద ఉడికించిన శనగపిండి లోచో వేడిగా తీసుకుంది. పైన కారం చట్నీ మరోసారి పోయించుకుంది. నన్ను తింటావా అని కూడా అడగలేదు. షిఫ్టు వదిలారు. ఆమె రోడ్డు మధ్యకు నడిచి, గేటు వైపు తిరిగి, నిమ్మళంగా తింటూ నిలబడింది. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకోలేదు. బైకులు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు ఆమె దాకా వచ్చి, చెరో పక్కకు చీలి వెళ్ళిపోతున్నారు.